పసివాడి చేత పునాదిరాయి వేయించిన ఉస్తాద్
డాక్టర్ జాకీర్ హుస్సేన్ జీవితం - మన పిల్లల చదువు

హైదరాబాద్ నుండి లంగర్‌హౌజ్ మీదుగా చేవెళ్ల వెళ్లే బస్సు ఎక్కినవారికి అజీజ్‌నగర్ దాటాక రెండు విషయాలు కనబడుతూ ఉంటాయి. ఒకటి, పాతకాలం నాటి మర్రిచెట్లు. రెండవది, బడుల బోర్డులు. మొయినాబాద్ చుట్టుపక్కల అంతర్జాతీయ పాఠశాలలు అనేకం వెలిశాయి. పిల్లవాడే మా బడికి కేంద్రం అని, రెండు భాషల్లో బోధన అని, చదువుతో పాటు ఆట, పాట, చేతిపని, నడవడిక అన్నీ నేర్పి సంపూర్ణమైన మనిషిని తయారు చేస్తామని ఆ బోర్డులు చెబుతూ ఉంటాయి.

ఆ మాటలు చదివే మన తల్లిదండ్రుల మనసులో రెండు ఆలోచనలు కలుగుతాయి. ఇవన్నీ విదేశాల నుండి వచ్చిన కొత్త పద్ధతులు కాబోలు అన్నది మొదటిది. లక్షలు పోయగలవారి పిల్లలకే గాని ఆటో నడిపేవారి పిల్లలకు, కూరగాయల బండి పెట్టుకున్నవారి పిల్లలకు ఇలాంటి చదువు దొరకదన్నది రెండవది. ఈ రెండు ఆలోచనలకూ జవాబు ఒక మనిషి జీవితంలో ఉంది. ఆయన పుట్టింది ఇదే రోడ్డు చివర, మన హైదరాబాద్ నగరంలోనే. ఆయనే భారతదేశ మూడవ రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్. రాష్ట్రపతిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. కాని ఆయన జీవితంలో రాష్ట్రపతి పదవి రెండేళ్లకు కొద్దిగా తక్కువ కాలం. పసిపిల్లల బడికి ఆయన ధారపోసింది మాత్రం ఇరవై రెండేళ్లు.

హైదరాబాద్‌లో బాల్యం

జాకీర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో జన్మించారు. వారి పూర్వీకులు అఫ్రీదీ పఠాన్లు. ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా, ఖాయంగంజ్ వారి ఊరు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ బతుకుతెరువు కోసం దక్కనుకు వచ్చి, న్యాయశాస్త్రం చదివి, హైదరాబాద్‌లో పేరున్న వకీలు అయ్యారు. బేగంబజార్‌లో ఇల్లు కట్టుకున్నారు. ఆ దంపతులకు ఏడుగురు కొడుకులు. జాకీర్ హుస్సేన్ మూడవవారు.

పిల్లల చదువు విషయంలో ఆ తండ్రి ముందుచూపు గలవారు. ఇంట్లోనే ఖురాన్, ఉర్దూ, పార్సీ చెప్పించేవారు. దానితో పాటే ఇంగ్లిషు కూడా చెప్పించేవారు. ఒక భాష కోసం మరొక భాషను ఇంట్లో నుండి వెళ్లగొట్టవలసిన అవసరం ఆ ఇంటికి కలగలేదు. ఈ సంగతిని మనం గుర్తుంచుకోవాలి. తరువాత పనికివస్తుంది.

1907లో తండ్రి క్షయవ్యాధితో మరణించారు. అప్పటికి జాకీర్ హుస్సేన్‌కు పదేళ్లు. తల్లి నాజ్నీన్ బేగం పిల్లలను వెంటబెట్టుకుని ఖాయంగంజ్ వెళ్లిపోయారు. వారు ఉన్న నగరాన్ని 1908 సెప్టెంబరులో మూసీ వరద ముంచెత్తింది. మళ్లీ అలాంటి ప్రమాదం రాకూడదని కట్టినవే మొయినాబాద్ దారిలో మనం చూసే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు.

ఖాయంగంజ్ నుండి ఆ బాలుణ్ణి ఇటావాలోని ఇస్లామియా హైస్కూలుకు పంపారు. మౌల్వీ బషీరుద్దీన్ స్థాపించిన ఆ బడిలో నిరాడంబరత, క్రమశిక్షణ ఎక్కువ. ప్రధానోపాధ్యాయులు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ ప్రభావం జాకీర్ హుస్సేన్ మీద జీవితాంతం ఉంది. ఉస్తాద్ అంటే పాఠం చెప్పేవాడు మాత్రమే కాదని, తన నడవడికతో పిల్లవాడిని తీర్చేవాడని ఆయనకు అక్కడే అర్థమైంది. 1911లో ఖాయంగంజ్‌లో ప్లేగు వచ్చింది. ఇటావాలో చదువుతున్న కొడుకు ఇంటికి దూరంగా ఉండగానే తల్లిని ఆ మహమ్మారి తీసుకుపోయింది. పద్నాలుగేళ్లకే తల్లీ తండ్రీ లేనివాడయ్యాడు. తరువాతి రోజుల్లో హాస్టలు పిల్లల పట్ల ఆయన చూపిన శ్రద్ధ వెనుక ఈ బాల్యం ఉంది.

కొలువు వదిలి బడి వైపు

1913లో ఆయన అలీగఢ్‌లోని మొహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరారు. డాక్టరు కావాలన్న కోరికతో కొంతకాలం లక్నోలో సైన్సు చదివారు. జబ్బు చేయడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. మళ్లీ అలీగఢ్ వచ్చి బి.ఎ. పూర్తి చేశారు. ఎం.ఎ., లా చదువుతూనే అక్కడ పాఠాలు కూడా చెప్పసాగారు. ముందు మంచి ఉద్యోగం, హోదా కనబడుతున్నాయి.

1920 అక్టోబరులో మహాత్మాగాంధీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. బ్రిటిషు ప్రభుత్వ సహాయం పొందే విద్యాసంస్థలను వదిలి జాతీయ విద్యాలయాలు స్థాపించుకోవాలని పిలుపునిచ్చారు. జాకీర్ హుస్సేన్ ఆ పిలుపును అందుకున్నారు. వేరెవరో వచ్చి బడి పెడతారని ఎదురుచూడకుండా, కొందరు విద్యార్థులు, ఉపాధ్యాయులతో కలిసి నాయకుల వద్దకు వెళ్లి, మీరు సంస్థను పెడితే మేము వస్తామని ఒప్పించారు. ఆ విధంగా 1920 అక్టోబరు 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. మౌలానా మహమూద్ హసన్ చేతుల మీదుగా ప్రారంభమైంది. హకీం అజ్మల్ ఖాన్ మొదటి చాన్సలర్ అయ్యారు. మౌలానా మొహమ్మద్ అలీ మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు.

రెండేళ్లు అక్కడ పనిచేశాక, 1922లో పై చదువుల కోసం జాకీర్ హుస్సేన్ జర్మనీ వెళ్లారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేసి 1926లో డాక్టరేటు పొందారు. అయితే ఆయన అక్కడ నేర్చుకున్నది ఆర్థికశాస్త్రం ఒక్కటే కాదు. జర్మనీలో ఆ రోజుల్లో బడుల గురించి పెద్ద చర్చ జరుగుతూ ఉండేది. మ్యూనిక్ నగరంలో కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త, పిల్లవాడు చేతులతో పనిచేస్తూ నేర్చుకునే బడులను నడిపించి చూపించారు. జాకీర్ హుస్సేన్‌ను అవి బాగా ఆకర్షించాయి. ఆయన సిద్ధాంతాలు చదివి ఊరుకునే రకం కాదు. బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దీవానును అందంగా అచ్చువేయించాలనుకున్నప్పుడు తానే కూర్చుని అక్షరాలు పేర్చారు. చేతిపని చదువుకున్నవాడికి తక్కువతనం కాదని ఆయన నమ్మకం.

ఇరవై ఏళ్ల ప్రతిజ్ఞ

1926లో ఆయన తిరిగి వచ్చేసరికి జామియా దాదాపు మూతపడే స్థితిలో ఉంది. ఖిలాఫత్ ఉద్యమం ముగిసిపోయింది. దానితో పాటే విరాళాలు ఆగిపోయాయి. అంతకు ముందు ఏడాదే సంస్థను అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మార్చారు. అద్దె ఇళ్లలో తరగతులు జరిగేవి. ఇరవై తొమ్మిదేళ్ల జాకీర్ హుస్సేన్ ఆ సంస్థకు షేఖుల్ జామియా, అంటే వైస్ చాన్సలర్ అయ్యారు. ఆయనతో పాటు జర్మనీలో పరిచయమైన ఆబిద్ హుస్సేన్, మొహమ్మద్ ముజీబ్ కూడా వచ్చి చేరారు. ముగ్గురూ ఎక్కడికి వెళ్లినా పెద్ద జీతాలు దొరికే చదువులు చదివినవారే.

1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ మరణించారు. సంస్థకు ఉన్న పెద్ద అండ పోయింది. అప్పుడు అక్కడి ఉపాధ్యాయులు కూర్చుని ఒక నిర్ణయం తీసుకున్నారు. అంజుమనె తాలీమె మిల్లీ అనే సంఘంగా ఏర్పడి, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోకుండా ఇరవై ఏళ్లు ఈ బడికే పనిచేస్తామని ప్రతిజ్ఞ చేశారు. ఆ 150 రూపాయలు కూడా చేతికి వచ్చిన నెలలు తక్కువ. ధనవంతులు ఇచ్చే పెద్ద విరాళాల మీద ఆధారపడకుండా హమ్దర్దానె జామియా అనే పేరుతో మామూలు జనం నుండి చిన్న చిన్న మొత్తాలు పోగుచేయడం మొదలుపెట్టారు.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. నేడు ఏ పద్ధతులనైతే ఖరీదైన చదువు అనుకుంటున్నామో ఆ పద్ధతులు మన దేశంలో మొదటగా అమలైన బడుల్లో ఇది ఒకటి. ఆ బడిలో ఉపాధ్యాయులకు సమయానికి జీతం లేదు. పిల్లలకు సొంత భవనం లేదు.

పిల్లల బ్యాంకు, పిల్లల దుకాణం

జాకీర్ హుస్సేన్‌కు విశ్వవిద్యాలయం కంటే ప్రాథమిక పాఠశాల అంటేనే ఎక్కువ ప్రేమ. పునాది అక్కడ ఉంటుందని ఆయన నమ్మకం. ఆ పాఠశాలకు అబ్దుల్ గఫార్ మధోలీ అనే గొప్ప ఉపాధ్యాయుడు దొరికారు. మధోలీ పంజాబ్‌లోని మోగాకు వెళ్లి, ప్రాజెక్టు పద్ధతిలో శిక్షణ పొంది వచ్చారు.

ప్రాజెక్టు అంటే నేడు మన పిల్లలు దుకాణం నుండి కొనితెచ్చి అట్టకు అంటించే బొమ్మలు కావు. జామియా ప్రాథమిక పాఠశాలలో పిల్లల బ్యాంకు ఉండేది. పిల్లలే డబ్బు దాచుకునేవారు. పిల్లలే లెక్కలు రాసేవారు. పిల్లల దుకాణం ఉండేది. సరుకు తేవడం, ధర కట్టడం, లాభనష్టాలు చూడడం పిల్లల పని. తోటపని ఉండేది. బ్యాంకు పుస్తకం తప్పు రాస్తే తోటి పిల్లవాడి డబ్బు తగ్గుతుంది కాబట్టి కూడికలు, తీసివేతలు జాగ్రత్తగా చేయడం నేర్చుకునేవారు. దానితో పాటే అమానత్ అంటే ఏమిటో, ఒకరు నమ్మి అప్పగించిన సొమ్మును ఎలా కాపాడాలో కూడా నేర్చుకునేవారు. లెక్క, నీతి రెండు వేర్వేరు పీరియడ్లు కాలేదు.

మన పెద్దలు తాలీం, తర్బియత్ అనే రెండు మాటలను జంటగా వాడేవారు. తాలీం అంటే చదువు. తర్బియత్ అంటే పెంపకం, తీర్చిదిద్దడం. ఒకటి లేకుండా రెండవది సగమే. ఈనాటి బోర్డుల మీద సంపూర్ణ వికాసం అని రాసేది ఈ జంట మాటల గురించే. జాకీర్ హుస్సేన్ ఈ రెంటినీ ఒకే బడిలో, ఒకే పనిలో కలిపి చూపించారు.

పిల్లల కోసం పయామె తాలీం అనే పత్రిక నడిచేది. మక్తబా జామియా పిల్లల పుస్తకాలు ప్రచురించేది. షేఖుల్ జామియా స్వయంగా పిల్లలకు కథలు రాసేవారు. అబ్బూ ఖాన్ కీ బక్రీ వాటిలో అందరికీ తెలిసిన కథ. ఒక ఫ్రెంచి కథను ఆధారం చేసుకుని, దాన్ని అల్మోడా కొండలకు తీసుకువచ్చి రాశారు. తాడు తెంచుకుని కొండకు పారిపోయిన చాందినీ అనే మేక రాత్రంతా తోడేలుతో పోరాడి తెల్లవారేసరికి ప్రాణం విడుస్తుంది. తోడేలు గెలిచిందని పక్షులన్నీ అనుకుంటే, ఒక్క ముసలి పక్షి మాత్రం చాందినీయే గెలిచిందంటుంది. పరాయి పాలనలో ఉన్న దేశంలో చిన్నపిల్లలకు స్వేచ్ఛ గురించి ఇంతకంటే సులభంగా చెప్పడం కష్టం.

ఆయన స్వభావం గురించి ఒక సంఘటన జామియాలో తరతరాలుగా చెప్పుకుంటారు. పిల్లలు మాసిన బూట్లతో బడికి వస్తుంటే ఎన్నిసార్లు చెప్పినా వినలేదట. ఒకరోజు షేఖుల్ జామియాయే బ్రష్షు, పాలిష్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారట. సిగ్గుపడిన పిల్లలు మరునాటి నుండి శుభ్రంగా రాసాగారట. బెత్తం చేయలేని పని అది.

ఆపా జాన్

1930ల మొదటి సంవత్సరాల్లో జామియాకు ఒక జర్మన్ స్త్రీ వచ్చారు. పేరు గెర్డా ఫిలిప్స్‌బోర్న్. యూదు కుటుంబంలో పుట్టినవారు. బెర్లిన్‌లో చదువుకునే రోజుల్లోనే జాకీర్ హుస్సేన్‌కు, ఆయన మిత్రులకు పరిచయం. జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చే రోజులవి. ఆమె తన దేశాన్ని, సుఖాలను వదిలి ఓ పేద బడిని వెతుక్కుంటూ వచ్చారు. చిన్నపిల్లల తరగతులు, హాస్టలు ఆమె చూసుకునేవారు. పిల్లలకు తల్లిలా ఉండేవారు. అందరూ ఆమెను ఆపా జాన్ అని పిలిచేవారు.

రెండవ ప్రపంచయుద్ధం వచ్చినప్పుడు జర్మన్ జాతీయురాలు అన్న కారణంతో బ్రిటిషు ప్రభుత్వం ఆమెను కొంతకాలం నిర్బంధంలో ఉంచింది. విడుదలై వచ్చాక ఆరోగ్యం పాడైంది. 1943లో క్యాన్సర్‌తో మరణించారు. జామియా శ్మశానవాటికలోనే ఆమె సమాధి ఉంది. అంతర్జాతీయ పాఠశాల అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఈ విషయం చెప్పాలి. బెర్లిన్ నుండి వచ్చిన ఒక యూదు స్త్రీని ఢిల్లీలోని ముస్లిం పిల్లలు ఆపా అని పిలిచారు. ఆ బడి అంతర్జాతీయమైంది అందువల్ల.

పునాదిరాయి

కరోల్‌బాగ్ అద్దె ఇళ్లు చాలడం లేదని ఢిల్లీకి దూరంగా యమున ఒడ్డున ఓఖ్లాలో స్థలం సంపాదించారు. 1935 మార్చి 1న అక్కడ మొదటి భవనానికి శంకుస్థాపన జరిగింది. ఇలాంటి సందర్భాల్లో నవాబులను, మంత్రులను, దాతలను పిలిచి వారి చేత రాయి వేయించడం ఆనవాయితీ. ఆ సభకు పేరున్నవారు వచ్చారు. టర్కీ రచయిత్రి హాలిదే ఎదీబ్ కూడా వచ్చారు. కాని రాయి వేసింది వారెవరూ కాదు. జామియా విద్యార్థులందరిలో చిన్నవాడైన అబ్దుల్ అజీజ్ అనే పసివాడు.

జాకీర్ హుస్సేన్ విద్యాదృష్టి అంతా ఈ ఒక్క పనిలో ఉంది. ఈ భవనం ఎవరి కోసమో వారే దానికి ముఖ్య అతిథి. పిల్లవాడే కేంద్రం అన్న మాటను ఆయన బోర్డు మీద రాయలేదు. ఆ పసివాడి చేతికి రాయి అందించారు.

పిల్లలను ఆయన ఎంతగా గౌరవించారో చెప్పే మరొక సంఘటన ఉంది. రాయడానికి కూడా మనసు బరువెక్కుతుంది. ఆయన చిన్నకూతురు రెహానా పసితనంలోనే జబ్బుపడింది. ఆ రోజు ప్రాథమిక పాఠశాలలో పరీక్షా ఫలితాల సందర్భంగా షేఖుల్ జామియా పిల్లలకు మిఠాయిలు పంచుతున్నారు. ఎవరో వచ్చి పాప పరిస్థితి బాగాలేదని చెవిలో చెప్పారు. కాసేపటికి పాప పోయిందన్న వార్త వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది గాని చేయి ఆగలేదు. మిఠాయి పంచడం పూర్తయ్యాకే ఇంటికి వెళ్లారు. తరువాత ఎవరో అడిగితే, పిల్లలంతా అంత సంతోషంగా ఉన్నారు, వారి సంతోషం చెడగొట్టడం ఇష్టం లేకపోయిందని చెప్పారు. ఆయన మిత్రులు ఈ సంగతిని నమోదు చేశారు. తరువాత ఆయన పిల్లల కథలు కొన్ని రుఖయ్యా రెహానా అనే పేరుతో వచ్చాయి. పోయిన బిడ్డ పేరు ఆ విధంగా మిగతా పిల్లలందరికీ కథలు చెప్పింది.

వార్ధాలో నిర్మొహమాటం

1937 అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో జాతీయ విద్యా మహాసభ జరిగింది. గాంధీజీ అధ్యక్షత వహించారు. చేతివృత్తి ఆధారంగా చదువు ఉండాలని, పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు చాలా భాగం గడవాలని గాంధీజీ ప్రతిపాదించారు. అందరూ గాంధీజీ మాటకు తలలూపే సభలో జాకీర్ హుస్సేన్ లేచి తన అనుమానం చెప్పారు. పని ద్వారా చదువు మంచిదే, అది విద్యావేత్తలకు కొత్త సంగతి కూడా కాదు, కాని బడి తన ఖర్చు తాను సంపాదించుకోవాలన్న మాట మీదనే పట్టుబడితే ఉపాధ్యాయులు పిల్లలను బానిసల్లా పని చేయించే ప్రమాదం ఉందని హెచ్చరించారు. పేద పిల్లల శ్రమను దోచుకోరాదన్నదే ఆయన ఆందోళన.

గాంధీజీ ఆ మాటకు కోపగించలేదు. పాఠ్యప్రణాళిక తయారుచేసే సంఘానికి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు. ఆ సంఘం 1937 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఏడు నుండి పద్నాలుగేళ్ల వరకు పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య ఉండాలి. బోధన మాతృభాషలో ఉండాలి. చదువు ఏదో ఒక చేతిపనితో ముడిపడి ఉండాలి. రోజుకు ఐదున్నర గంటల బడిలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికి, 40 నిమిషాలు మాతృభాషకు కేటాయించారు. ఆ ఏడేళ్లలో ఇంగ్లిషు లేదు. 1938లో హరిపురా కాంగ్రెసు దీన్ని ఆమోదించింది. దాన్ని నడిపించడానికి ఏర్పడిన హిందుస్తానీ తాలీమీ సంఘ్‌కు జాకీర్ హుస్సేన్ పదేళ్లు అధ్యక్షులుగా ఉన్నారు.

ఈ పథకాన్ని అందరూ మెచ్చుకోలేదు. ముస్లిం లీగు తీవ్రంగా వ్యతిరేకించింది. మతవిద్యకు ఇందులో చోటు లేదని, ముస్లిం పిల్లల సంస్కృతికి నష్టమని విమర్శలు వచ్చాయి. తనవారి నుండి మాటలు పడుతూ ఆయన పనిచేశారు. మరోవైపు, పథకం అమలైన తీరు కూడా ఆయనకు నచ్చలేదు. చాలాచోట్ల పిల్లల చేతికి తకిలీ ఇచ్చి, యంత్రాల్లా నూలు వడికించి, అదే ప్రాథమిక విద్య అనసాగారు. ఆలోచన లేని పని చదువు కాదని ఆయన గట్టిగా చెప్పేవారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, ఆ పేరుతో దేశంలో జరుగుతున్నది మోసమని బహిరంగంగానే అన్నారు. తాను పెంచిన పథకాన్ని తానే తప్పుపట్టడానికి ధైర్యం కావాలి. ఈనాడు మంచి పేరు పెట్టుకుని చెడ్డగా నడిచే బడులకు కూడా ఆ మాట వర్తిస్తుంది.

రెండు నిప్పుల మధ్య

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశమంతా మతకలహాలతో మండుతున్న రోజులు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి ఇష్టపడని కాంగ్రెసు, లీగు నాయకులను ఆయన ఒకే వేదిక మీదకు తెచ్చారు. నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ అందరూ వచ్చారు. మంట అంటుకున్నప్పుడు ఎవరు అంటించారని తగవులాడుకోకుండా ముందు ఆర్పమని, లేకపోతే మనిషితనమే మిగలదని, అప్పుడు ఉపాధ్యాయులు ఎవరికి చదువు చెప్పాలని వారిని వేడుకున్నారు.

నాయకులు ఆ మంట ఆర్పలేకపోయారు. 1947 ఆగస్టులో కాశ్మీరుకు ప్రయాణమైన జాకీర్ హుస్సేన్‌ను జలంధర్ స్టేషనులో అల్లరిమూకలు చుట్టుముట్టాయి. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి అడ్డుపడి ఆయన ప్రాణం కాపాడారు. తిరిగి వచ్చిన ఆయన కోపంతో రగిలిపోలేదు. మళ్లీ బడి పనిలో పడ్డారు. ఆయన తమ్ముళ్లలో మహమూద్ హుస్సేన్ పాకిస్తాన్‌లో విద్యామంత్రి అయ్యారు. యూసుఫ్ హుస్సేన్ ఖాన్ మన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చాలాకాలం చరిత్ర బోధించారు. ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు దేశాలయ్యారు. అందరిదీ చదువు చెప్పే బాటే.

పదవులు ఆయనను వెతుక్కుంటూ వచ్చాయి. 1948 నుండి 1956 వరకు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్‌గా ఉండి, విభజన తరువాత అనుమానాల నడుమ నలిగిపోతున్న ఆ సంస్థను నిలబెట్టారు. 1957లో బీహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న లభించింది. 1967లో రాష్ట్రపతి ఎన్నికలో ఆయనతో పోటీపడినవారు తెలుగువారైన మాజీ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. గెలిచిన జాకీర్ హుస్సేన్ 1967 మే 13న ప్రమాణం చేసి దేశ తొలి ముస్లిం రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న రాష్ట్రపతి భవన్‌లోనే గుండెపోటుతో మరణించారు. ఖననం ఎక్కడన్న ప్రశ్నకు జవాబు ఒక్కటే. ఆయనను జామియా ఆవరణలో, తాను పెంచిన బడి నీడన ఖననం చేశారు.

మన పిల్లల సంగతి

ఇక చేవెళ్ల రోడ్డుకు తిరిగి వద్దాం. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల పల్లెల్లో మన పిల్లవాడు ఇంట్లో అమ్మీతో ఉర్దూ మాట్లాడతాడు. గడప దాటితే తెలుగు. బడికి వెళితే ఇంగ్లిషు. ఇది లోటు అనుకునేవారున్నారు. నిజానికి ఇది ఆస్తి. కాని మనం ఈ ఆస్తిని పోగొట్టుకుంటున్నాం. ఇంగ్లిషు మీడియంలో వేయగానే ఇంట్లో కూడా ఉర్దూ మానేయమని పిల్లవాడికి చెబుతున్నాం. తెలుగు మార్కుల కోసం చదివితే చాలంటున్నాం. చివరకు ఆ పిల్లవాడు దాదీ రాసిన ఉత్తరం చదవలేడు. పక్కింటివారి పెళ్లిపత్రిక చదవలేడు. ఇంగ్లిషులో తన మనసులోని మాట చెప్పలేడు. మూడు భాషలున్న పిల్లవాడు ఏ భాషా లేనివాడవుతున్నాడు.

జాకీర్ హుస్సేన్ జీవితం చూడండి. మొదటి చదువు ఉర్దూలో. పక్కన పార్సీ. తరువాత ఇంగ్లిషు. అటుపైన జర్మన్ నేర్చుకుని ఆ భాషలో పరిశోధన గ్రంథం రాశారు. ప్లేటో రిపబ్లిక్‌ను ఉర్దూలోకి అనువదించారు. మాతృభాష ఆయన కాలికి అడ్డం పడలేదు. మిగతా భాషలన్నిటికీ అదే మెట్టు అయింది. 2020 జాతీయ విద్యావిధానం వీలైనచోటల్లా కనీసం ఐదవ తరగతి వరకు మాతృభాషలో లేదా స్థానిక భాషలో బోధించాలని సూచించింది. 2010 ఏప్రిల్ 1 నుండి ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత విద్య చట్టబద్ధమైన హక్కు అయింది. ఈ రెండు మాటలూ 1937 నాటి నివేదికలో ఉన్నవే.

ఖరీదైన బడులన్నీ చెడ్డవని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మైదానం, గ్రంథాలయం, తరగతికి తక్కువ మంది పిల్లలు ఉండడం మంచిదే. వాటికి డబ్బు కావాలన్నది కూడా నిజమే. కాని పిల్లవాణ్ణి గౌరవించడానికి డబ్బు అక్కరలేదు. అతని ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పడానికి, ఇంటి భాషను ఎగతాళి చేయకుండా ఉండడానికి, చేతికి ఒక పని అప్పగించి నమ్మడానికి ఫీజు లేదు. ఊరి సర్కారు బడిలో, మసీదు పక్క మక్తబులో, మన ఇంటి వరండాలో కూడా ఇది సాధ్యం. పదేళ్ల కూతురికి వారం రోజుల కూరగాయల లెక్క అప్పగించి చూడండి. లెక్కల ట్యూషన్ నేర్పలేనిది నేర్చుకుంటుంది.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈసారి పిల్లవాణ్ణి చేర్చడానికి ఏ బడికి వెళ్లినా, చిన్నదైనా పెద్దదైనా, గేటు మీది బోర్డు చదివి ఊరుకోకండి. లోపలికి వెళ్లి, అందరికంటే చిన్న తరగతి ఎక్కడుందో అడగండి. ఆ గదికి వెలుతురు వస్తున్నదా, అక్కడి ఉస్తాద్ కింద కూర్చుని పిల్లలతో మాట్లాడుతున్నారా, పిల్లలు భయం లేకుండా తమ భాషలో నవ్వుతున్నారా చూడండి. ఆ బడిలో పునాదిరాయి ఎవరి చేతిలో ఉందో అక్కడే తెలుస్తుంది.